పాత నిబ్బుకు కొత్త ఎబొనైట్ బ్యారెల్: నాలుగు నెలల వాడకం తర్వాత

నా ఫౌంటెన్ పెన్ను బ్యారెల్, అంటే వెనక భాగపు గొట్టం, బిగించే మరల దగ్గర నిలువునా చీలింది. తప్పు నాదే. సిరా కారుతుందేమోనన్న టెన్షన్‌తో మూసిన ప్రతిసారీ గట్టిగా బిగించేవాణ్ణి. నిబ్బు మాత్రం ఏళ్ల తరబడి నా రాతకు అలవాటుపడింది. దాన్ని వదులుకోలేక, లేత్ మీద పెన్నులు చేసే ఒకాయన చేత ఎబొనైట్ (గట్టి రబ్బరు) బ్యారెల్ చేయించుకున్నాను.

కొలతలు రాసి పంపుతానంటే ఆయన ఒప్పుకోలేదు. "సెక్షన్, క్యాప్ రెండూ నా చేతికి రావాలి" అన్నారు. సెక్షన్ అంటే నిబ్బు బిగించి ఉండే, రాసేటప్పుడు వేళ్లతో పట్టుకునే ముందు భాగం. నా పెన్నులో బ్యారెల్‌కు లోపల సెక్షన్ మరలు, బయట క్యాప్ మరలు ఉంటాయి. రెండూ సరిపోవాలి. ఆ పని మాత్రం అద్భుతంగా చేశారు. సెక్షన్ పట్టినట్టే పట్టి, వేలి బలంతోనే ఆగుతుంది. క్యాప్ ముప్పావు చుట్టుకే మూసుకుంటుంది.

పొరపాటు ఇంకోచోట జరిగింది. సిరా పీల్చి నిల్వ ఉంచుకునే చిన్న గొట్టాన్ని, అంటే కన్వర్టర్‌ను, నేను పంపలేదు, ఆయనా అడగలేదు. వచ్చిన బ్యారెల్లో దాని పిడి అడుగుకు తగిలి, సెక్షన్ దగ్గర గోరు పట్టేంత సందు మిగిలింది. తిరిగి పంపితే లోపల ఇంకాస్త తొలిచి ఇచ్చారు. చేయించుకునేవాళ్లు కన్వర్టర్ మర్చిపోకండి.

రంగు నల్లదే అడుగుదామనుకున్నాను. కానీ ఎబొనైట్ నలుపు ప్లాస్టిక్ నలుపు పక్కన వెలిసినట్టు కనిపిస్తుంది. అందుకే గోధుమ, నలుపు అలలున్న కడ్డీ ఎంచుకున్నాను. ఎబొనైట్ అంటే గంధకం బాగా పట్టించి గట్టిపరచిన రబ్బరే. మొదటి వారం పెన్ను తెరిస్తే కాలిన టైరు వాసన. తర్వాత తగ్గింది, లేదా నా ముక్కే అలవాటుపడింది. ఎండలో పెడితే రంగు వెలుస్తుంది, వేడినీళ్లు అసలు పనికిరావు. చేతిలో మాత్రం లోహంలా చల్లగా తగలదు, చెమటకు జారదు.

తర్వాత కన్వర్టర్ తీసేసి, సిరా కారకుండా సెక్షన్ మరలకు సిలికోన్ గ్రీజు రాసి, సిరా నేరుగా బ్యారెల్లోనే పోశాను. సిరంజితో కొలిస్తే 3 మిల్లీలీటర్లు పట్టింది, కన్వర్టర్లో ఒక్కటి కూడా పట్టేది కాదు. అయితే సిరా పావు వంతుకు దిగాక ఒకరోజు నిబ్బు నుంచి పెద్ద చుక్క జారి పేజీ పాడైంది. చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి సిరాను తోసేస్తుంది. ఎబొనైట్ వేడిని నెమ్మదిగా లోపలికి పంపుతుంది గానీ, పూర్తిగా ఆపలేదు. ఇప్పుడు సగానికి రాగానే నింపేస్తున్నాను.

క్యాప్‌ను వెనక తగిలించి రాసేవాళ్లకు ఇది నచ్చదు. బ్యారెల్ గోడ మందం పెరగడంతో క్యాప్ సగం దాకానే ఎక్కి ఊగుతుంది. జోడీగా కొత్త క్యాప్ కూడా చేసిస్తానన్నారు ఆయన. పాత క్లిప్పు మీది గీతలు పోతాయని వద్దన్నాను.