ఉట్నూరు చూద్దామని ఊట్కూరు పోయాం

మనిషికి 3,800 రూపాయలు కట్టించుకుని, నాలుగున్నర వేల ఏళ్ల నాటి బూడిద దిబ్బ చూపిస్తామన్నారు. ఆ దిబ్బ ఏ ఊళ్లో ఉందో వాళ్లకే తెలియదు. ఇదీ మా రెండు రోజుల యాత్ర. కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి రాతలో కొంచెం కారం ఉంటుంది, ఏమనుకోకండి.

అసలు ఈ పిచ్చి అంటించింది మా అక్క కొడుకు. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రాత్రిళ్లు ఓ కల్పిత లోకం గురించి కథ రాస్తుంటాడు. ఎర్రేరు అని ఒక నది, దాని ఒడ్డున మొట్టమొదటిసారి విత్తనం వేసిన జనం. చదవమని నలభై పేజీలు పంపాడు. పదో పేజీకే గోధుమ చేలు, ఇరవయ్యో పేజీకి కోటగోడ, ముప్పయ్యో పేజీకి రాజుగారూ పూజారులూ వచ్చేశారు. "ఈజిప్టుకు తెలుగు పేర్లు పెట్టావు కదరా" అన్నాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఫోన్ చేసి, "అయితే మన దగ్గర ఎలా మొదలైందో చూపించు మామయ్యా" అన్నాడు.

ముందు పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంకు తీసుకెళ్లాను. ఆ పూట అయిన ఖర్చు ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ల ఖర్చుకు పెద్దగా మించలేదు. హాయిగా గడిచింది. ఒక్కటే బాధ. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ కొని తెచ్చిన ఈజిప్టు మమ్మీ ఒకటి అక్కడుంది. ఏడో నిజాం 1930లో దాన్ని మ్యూజియానికి ఇచ్చేశాడు. జనమంతా దాని చుట్టూనే. రాతి పనిముట్ల దగ్గర నేనూ, మా ఆవిడా, మావాడూ, ఒక ఫ్యాను. నైలు నది రైతులకున్న గిరాకీ మన రైతులకు లేదు.

నిజానికి మనవాళ్ల కథే నాకు ఎక్కువ ఇష్టం. దక్షిణాదిన సాగు, పశుపాలన మొదలైంది సుమారు క్రీ.పూ. 3000 ప్రాంతంలో. అదీ పెద్ద నది ఒడ్డున కాదు, రాళ్లగుట్టల మీదా వాటి వాలుల్లోనూ. వరదనీళ్ల సాగు కాదు, వానను నమ్ముకున్న సాగు. పంటల కంటే పశువులే పెద్ద ఆస్తి. రాత్రిళ్లు మందను ఒక దొడ్లో కట్టేసేవాళ్లు. పేడ ఏళ్ల తరబడి పేరుకునేది, ఉండుండి దానికి నిప్పు పెట్టేవాళ్లు. మళ్లీ మంద, మళ్లీ పేడ, మళ్లీ మంట. అలా కుప్పపడినవే ఈ బూడిద దిబ్బలు. కొన్నిచోట్ల వేడికి బూడిద కరిగి ఇనుప చిట్టెంలా గడ్డకట్టింది. అందుకే ఒకప్పుడు ఇవి అగ్నిపర్వతాల బూడిదేమో, లోహాలు కరిగించిన చోట్లేమో అని వాదించుకున్నారు. ఊళ్లవాళ్లు రాక్షసుల చితాభస్మం అన్నారు. పంతొమ్మిదో శతాబ్దంలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇది పశువుల పేడేనన్నాడు. 1957లో ఆల్చిన్ అనే బ్రిటిష్ పురావస్తువేత్త పాలమూరు జిల్లా ఉట్నూరులో తవ్వితే దొడ్డి చుట్టూ పాతిన దుంగల గుర్తులు బయటపడ్డాయి. వాటితోపాటు ఆవుల గిట్టల అచ్చులు కూడా. అన్ని వేల ఏళ్ల కిందట బురదలో పడిన అడుగు!

ఇది చెబుతుంటే మావాడి కళ్లు మెరిశాయి. సరిగ్గా అప్పుడే ఫోన్‌లో ఓ ప్రకటన కనిపించింది. "తొలి రైతుల అడుగుజాడల్లో: రెండు రోజులు, ఒక రాత్రి, ఏసీ బండి, నిపుణుడైన గైడ్, ఆదిమ భోజనం." సంస్థ పేరు చెప్పను. మా ఆవిడ మాత్రం మొదటి రోజే అంది: "దిబ్బ చూడ్డానికి పదకొండు వేలా? మా ఊళ్లో పెంటదిబ్బ ఊరికే చూపిస్తారు." వినలేదు.

ఆరాంఘర్ దగ్గర ఉదయం అయిదున్నరకు పికప్ అన్నారు. బండి 7:10కి వచ్చింది. ఏసీ ఉంది, గాలి లేదు. జడ్చర్ల దాకా అందరం బాగానే ఉన్నాం. నిపుణుడైన గైడ్ ఒక పాతికేళ్ల కుర్రాడు, ఫోన్ చూసి చదివేవాడు. సిగ్నల్ పోతే చరిత్ర కూడా ఆగిపోయేది.

ఇక ఆదిమ భోజనం. ప్యాకేజీలోనే ఉందన్నారు. తీరా హోటల్‌కు వెళ్లాక "అది సాధారణ భోజనం సార్, ఆదిమ థాలీకి ఎక్స్‌ట్రా" అని మనిషికి 450 వసూలు చేశారు. మోదుగాకు విస్తరి, మట్టి మూకుడు, సెటప్ అంతా బ్రహ్మాండం. వడ్డించింది జొన్నరొట్టె, రాగి సంకటి, టమాటా పప్పు, మిరపకాయ బజ్జీ. రుచి బాగుంది, అబద్ధం చెప్పను. కానీ జొన్న, రాగి, సజ్జ ఆఫ్రికా నుంచి తర్వాత వచ్చినవి. కంది ఒడిశా, బస్తర్ వైపు నుంచి దిగిన పంట. మిరప, టమాటాలైతే పోర్చుగీసులు వచ్చాక మన వంటింట్లో అడుగుపెట్టినవి. ఆ దిబ్బల కాలపు మనుషులు తిన్నది ఉలవలు, పెసలు, అండుకొర్రలు. తవ్వకాల్లో దొరికిన మాడిన గింజలు చెప్పే సంగతి ఇది. ఆ మూడింట్లో ఒక్కటంటే ఒక్కటీ ఆ విస్తట్లో లేదు. గైడ్‌కు చెబితే, "మిల్లెట్స్ అన్నీ ఒకటే కద సార్" అన్నాడు. 2023ని చిరుధాన్యాల సంవత్సరం అని ఐక్యరాజ్యసమితి ప్రకటించాక ఈ బోర్డులు పెట్టుకునే హోటళ్లు మరీ ఎక్కువయ్యాయి. నా మాట విని అలాంటి థాలీ బోర్డు కనిపిస్తే పక్క హోటల్లో ఇడ్లీ తినండి.

రాత్రి బస గురించి తలుచుకుంటేనే ఒళ్లు మండుతుంది. "త్రీ స్టార్‌తో సమానం" అన్న లాడ్జిలో ఆ మూడు నక్షత్రాలు కిటికీ అద్దం పగిలిన చోటు నుంచి కనిపించాయి. దుప్పటి మీద ఎవరిదో పసుపు మరక. ఏసీ రిమోట్ కావాలంటే 600. వేడినీళ్లు బకెట్‌కు 50, మూడు బకెట్లకు 150. కింద ఫంక్షన్ హాల్లో రిసెప్షన్, బ్యాండు రెండింటిదాకా వాయించారు. మా ఆవిడ చీర కొంగు దిండు మీద పరుచుకుని గోడవైపు తిరిగి పడుకుంది. ఆ పడుకోవడం చూస్తేనే అర్థమైంది, రేపు నాతో మాట్లాడదని. మావాడు మాత్రం నోట్‌బుక్‌లో కోటగోడ కొట్టేసి పశువుల దొడ్డి గీస్తూ కూర్చున్నాడు.

రెండో రోజు అసలు ఘట్టం. ఉట్నూరు. డ్రైవర్ మ్యాప్‌లో ఆ పేరు కొట్టాడు. అది ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు చూపించింది! రాష్ట్రానికి ఆ చివర. "ఇది కాదు బాబూ, మక్తల్ వైపు" అన్నాను. గైడ్ ఎవరికో ఫోన్ చేసి, "ఊట్కూరు అంట సార్, స్పెల్లింగ్ మిస్టేక్" అని తేల్చేశాడు. ఊట్కూరు వేరే ఊరయ్యా, మండల కేంద్రం అని నెత్తీనోరూ కొట్టుకున్నా వినలేదు. తీసుకెళ్లి అక్కడ బస్టాండ్‌లో దింపి, ఓ మట్టికుప్ప చూపించి, "ఇదే అయ్యుండాలి" అన్నాడు. అది రోడ్డు పని కోసం పోసిన మొరం.

తిరుగుదారిలో టైరు పంక్చర్. మేం దిగిన చోటు పేరు లేని చిన్న వాడ. గోడ నీడన నిలబడ్డాం. లోపల్నుంచి ఒక ముసలామె, "యాడికెల్లి వచ్చిన్రు బిడ్డా, ఎండలో ఎందుకు నిలబడ్డరు, లోపలికి రాండ్రి" అని పిలిచింది. వాకిలి దాటితే కొట్టం. రెండు ఎడ్లు, ఒక బర్రె. కట్టుగుంజల చుట్టూ రాత్రి తడికి మెత్తబడిన నేల, దాని నిండా గిట్టల అచ్చులు. మావాడు అక్కడే గొంతుక్కూర్చున్నాడు. ఒక అచ్చులో వేలు పెట్టి, దాని పక్కన ఇంకో అచ్చు, దాని మీద మరో అచ్చు ఎలా పడిందో చూస్తూ చాలాసేపు లేవలేదు. ముసలామెకు మతి పోయింది. "ఆ పిల్లగానికి పెండ వాసన పడ్తదా?" అని మా ఆవిడను అడిగింది. మా ఆవిడ యాత్ర మొదలయ్యాక అప్పుడే నవ్వింది.

మూల పొయ్యి మీద పెద్ద కుండలో ఉలవలు ఉడుకుతున్నాయి, ఎడ్లకు. ఆ ఉడికిన నీళ్లు వంచి కాచేదే కదా మన ఉలవచారు. హైదరాబాద్ హోటళ్లలో మీగడ చుక్క వేసి చిన్న గిన్నెడు అమ్ముతారే, అదే. ఎడ్లకు తీయకముందే మాకు తలా ఒక గిన్నెలో గుగ్గిళ్లు పెట్టింది, ఉప్పు, పచ్చి ఉల్లిపాయ ముక్కతో. రెండు రోజుల్లో తిన్న ఒకే ఒక్క ఆదిమ భోజనం అదే, ఉల్లిపాయ పక్కన పెడితే. ఉలవను మనిషి మచ్చిక చేసుకున్నది మన దక్కన్ నేలలాంటి చోట్లే. డబ్బు ఇవ్వబోతే కోప్పడింది. చివరికి మా ఆవిడే తెలివిగా రెండు కిలోల ఉలవలు కొంటానంది. కిలో 80 చొప్పున 160 తీసుకుంది. ఏటా భోగికి కొట్టంలో పాత చెత్తంతా మంటలో వేస్తామని ఆమె ఏదో మాటల్లో అంటే, మావాడు నావైపు చూశాడు. ఆ దిబ్బల మంటలకూ ఇప్పటి పశువుల పండుగలకూ సంబంధం ఉండొచ్చని ఆల్చిన్ కూడా అనుకున్నాడని నేను కారులో చెప్పి ఉన్నాను.

సాయంత్రం ముడుమాల్ నిలువురాళ్లు చూపించారు. అది మాత్రం వంక పెట్టలేని చోటు. కృష్ణా నదికి దగ్గర్లో, పది నుంచి పద్నాలుగు అడుగుల రాళ్లు నిటారుగా నిలబెట్టి ఉన్నాయి. ఒక రాతి మీద సప్తర్షి మండలం గుంటలుగా చెక్కి ఉంది. ఊళ్లవాళ్లు నిలురాళ్ల తిమ్మప్ప అని మొక్కుతారు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది. వెళ్తే సొంత బండిలో, చలికాలంలో, నీళ్లు తీసుకుని వెళ్లండి. నీడ లేదు. మమ్మల్ని ఎవరూ టికెట్ అడగలేదు. గైడ్ మాత్రం "ఇవి కూడా ఆ బూడిద దిబ్బలోళ్లవే సార్" అని ఇంకో అబద్ధం కలిపాడు. ఇవి వాళ్ల తర్వాతి కాలానివి.

మొత్తం లెక్క: ప్యాకేజీ 11,400, థాలీలు 1,350, రిమోట్ 600, వేడినీళ్లు 150. 13,500. ఉలవలు దీన్లో కలపలేదు, అవి దండగ ఖాతా కాదు. సగం డబ్బు వెనక్కివ్వమని మెయిల్ పెట్టి ఎనిమిది రోజులైంది. "మీ ఫిర్యాదు పరిశీలనలో ఉంది" అని మూడు మెసేజ్‌లు వచ్చాయి. నిన్న నాలుగోది వచ్చింది: "మీ ఆదిలాబాద్ ఉట్నూరు యాత్ర ఎలా జరిగింది? దయచేసి రేటింగ్ ఇవ్వండి."