పాత టేబుల్‌కు ప్రైమరీ కీ: పోస్ట్‌గ్రెస్ ఐడెంటిటీ కాలమ్‌పై సమీక్ష
పాల సేకరణ కేంద్రాల లెక్కలు ఉండే మా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోని ప్రధాన టేబుల్, ప్రతి వరుసను విడిగా గుర్తించే ప్రైమరీ కీ లేకుండానే చాలా ఏళ్లు నడిచింది. తేదీ, పూట, రైతు సంఖ్య, లీటర్లు, వెన్న శాతం, ఇంతే అందులోని కాలమ్‌లు. ఒకే పూట ఒకే రైతు పేరున అచ్చుగుద్దినట్టు రెండు వరుసలు పడినప్పుడు, ఒకటి పొరపాటున ఎక్కిందని తేలినా, దాన్ని తొలగించమంటే రెండూ పోయేవి. సీటీఐడీ అనే అంతర్గత చిరునామాతో ఒక్కదాన్నే పట్టుకోవచ్చు గానీ, వరుసను సవరించగానే ఆ చిరునామా మారిపోతుంది.

2017లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 10వ వెర్షన్ నుంచి ఉన్న ఐడెంటిటీ కాలమ్, అంటే ప్రతి వరుసకూ డేటాబేస్ తనంతట తానే సంఖ్య వేసే కాలమ్, ఈ ఇబ్బందిని తీర్చింది. ‘ఆల్టర్ టేబుల్’ కింద ‘యాడ్ కాలమ్ ఐడి బిగింట్ జనరేటెడ్ ఆల్వేస్ యాజ్ ఐడెంటిటీ ప్రైమరీ కీ’ అని ఒక్క వాక్యం రాస్తే, కాలమ్ చేరడమే కాక పాత వరుసలన్నింటికీ సంఖ్యలు పడతాయి. ఇలా సంఖ్యలు వేసే పాత ‘సీరియల్’ పద్ధతిలో ఎవరైనా చేత్తో సంఖ్య వేస్తే అది నోరెత్తకుండా తీసుకునేది, తర్వాత ఎప్పుడో సంఖ్యలు అందించే సీక్వెన్స్ అదే సంఖ్యకు చేరినప్పుడు ఇన్సర్ట్, అంటే కొత్త వరుస చేర్చడం, విఫలమయ్యేది. ‘ఆల్వేస్’ అన్న ఆ ఒక్క మాట, ప్రత్యేకంగా కోరితే తప్ప, అలాంటి సంఖ్యను మొదట్లోనే తిరస్కరిస్తుంది. నాకు అన్నిటికంటే నచ్చిన గుణం ఇదే.

అయితే ఈ ఆదేశం టేబుల్ మొత్తాన్ని తిరిగి రాస్తుంది, అది ముగిసేదాకా ఇతరులు చదవడానికి కూడా వీలుండదు. అందుకే చివరి కేంద్రం సాయంత్రపు లెక్క పంపాకే చేయాలని నిర్ణయించుకుని, ముందుగా ఒక నకలు మీద ప్రయత్నించాము. అక్కడే అసలు లోపం కనబడింది: 1వ సంఖ్య అన్నిటికంటే పాత తేదీకి పడలేదు. పోస్ట్‌గ్రెస్ సవరించిన వరుసను కొత్త ప్రతిగా, చోటు దొరికిన దగ్గర రాస్తుంది. సంఖ్యలేమో వరుసలు డిస్కు మీద ఉన్న క్రమంలోనే పడతాయి. ఏ క్రమంలో వేయాలో చెప్పే వీలు ఈ ఆదేశంలో లేకపోవడం నిజమైన కొరతే. చివరికి ఐడెంటిటీ కాలమ్‌తో కొత్త టేబుల్ కట్టి, పాత వరుసలను తేదీ, పూటల ప్రకారం పేర్చి అందులోకి చేర్చాము.

ఐడికి పెద్ద సంఖ్యలు పట్టే బిగింట్ రకాన్నే ఎంచుకోమని గట్టిగా చెబుతాను. మామూలు ఇంటిజర్ 2,14,74,83,647 దగ్గర ఆగిపోతుంది. మధ్యలో రద్దయిన డేటాబేస్ లావాదేవీ తీసుకున్న సంఖ్య మళ్లీ తిరిగి రాదు కనుక ఈ ఐడిలో ఖాళీలు తప్పవు. రైతుకిచ్చే రసీదు సంఖ్యలో ఒక్కటి కూడా తప్పిపోకూడదు గనుక, దానికి వేరే కాలమ్ పెట్టుకున్నాము.