పాత క్యాంపర్ వ్యాన్ కొంటున్నారా? ముందు నేల మీది షీటు లేపి చూడండి

సెకండ్ హ్యాండ్ క్యాంపర్ వ్యాన్ కోసం వెతుకుతున్నవాళ్ళు బయానా ఇచ్చే ముందు ఇది చదవండి. నేను నాలుగు లక్షల అరవై వేలు పోసి వరదలో మునిగిన బండిని కొన్నాను. కాకినాడలో బయల్దేరి, సముద్రానికి దగ్గరగా పోయే 216 హైవే పట్టుకుని మచిలీపట్నం, బాపట్ల, చీరాల మీదుగా ఒంగోలు దాకా వారం రోజులు తిరుగుదామనుకున్నాం. దిండి కూడా దాటలేదు.

బండి 2013 మోడల్ టెంపో ట్రావెలర్. విజయవాడ బయట ఒక యార్డులో చూశాం. రెండు బెర్తులు, చిన్న సింకు, పొయ్యి పెట్టుకునే గట్టు, ఇన్వర్టర్, గోడలకి ప్లైవుడ్, కింద చెక్క డిజైన్ వినైల్ షీటు. మా ఆవిడ ఎక్కీ ఎక్కగానే "ఇల్లులా ఉందండీ" అంది. పై బెర్తు నాదంటే నాదని పిల్లలు అక్కడే కొట్టుకున్నారు. ఇక నేనేం బేరమాడతాను! ఇంజను స్టార్ట్ చేయించాను, టైర్లు చూశాను, రెండు కిలోమీటర్లు నడిపాను. లోపల మల్లెపూల సెంటు గుప్పుమంటుంటే బండిని ఎంత శుభ్రంగా ఉంచారో అని ముచ్చటపడ్డాను. ఆ సెంటు ఏ వాసనని కప్పడానికి కొట్టారో అప్పుడు తట్టలేదు.

సంక్రాంతి వెళ్ళాక ఒక మధ్యాహ్నం బయల్దేరాం. యానాం దాటి ఎదుర్లంక వంతెన ఎక్కేదాకా బాగానే ఉంది. అమలాపురం వచ్చేసరికి డాష్‌బోర్డు మీద బ్యాటరీ లైటు వెలుగుతూ ఆరుతూ ఉంది. ఏసీ వేస్తే ఎండిపోయిన చెరువు వాసన. పాత బండి కదా, ఏవో చిన్న చిన్నవి ఉంటాయిలే అనుకుని దిండి చేరి గోదావరి ఒడ్డున ఆపుకున్నాం. రాత్రి పన్నెండు దాటాక వైరు కాలుతున్న వాసన వచ్చింది. ఇన్వర్టర్ వెనక ప్లైవుడ్ ముట్టుకుంటే చెయ్యి కాలింది. పిల్లల్ని దుప్పట్లతో సహా కిందకి దించి, టార్చి వెలుగులో బ్యాటరీ వైర్లు ఊడదీశాను. తెల్లారేదాకా దోమల్లో కూర్చున్నాం. ఆ ఇన్వర్టర్‌కి మూడడుగుల్లో గ్యాస్ సిలిండర్ ఉంది. ఆ మాట మా ఆవిడకి మర్నాడు గానీ చెప్పలేదు.

పొద్దున్నే బండిని లాగించుకుని వెనక్కి రాజోలు తెచ్చాం. అక్కడి మెకానిక్ పెద్దాయన ఇంజను వైపు చూడనైనా చూడలేదు. డ్రైవర్ సీటు బెల్టుని కొసదాకా లాగాడు. మామూలుగా ఎవరూ లాగని ఆ చివరి జానెడు ముక్క మీద గోధుమరంగు మరక అడ్డగీత గీసినట్టుంది. "ఆయ్, ఇది ములిగిన బండండి బాబూ" అన్నాడు. తర్వాత స్క్రూడ్రైవర్‌తో వినైల్ షీటు ఓ మూల లేపాడు. కింద ఎండిన ఒండ్రు అప్పడంలా పెచ్చులూడి వచ్చింది. దాని కింద రేకు తుప్పు పట్టి, వేలు పెడితే దిగిపోయేలా ఉంది. ఫ్యూజు బాక్సులో కనెక్టర్లు పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. వైరింగు మొత్తం మార్చాలి, తొంభై వేలవుతుంది, నేల కోసి వెల్డింగు చేయడం వేరే లెక్క అన్నాడు.

మామూలు కారులో ఇలాంటివి ఎంత దాచినా ఎక్కడో ఒకచోట బయటపడతాయి. క్యాంపర్ వ్యాన్‌లో కొత్త చెక్కపనే పెద్ద ముసుగు. మనం బెర్తులు, అరలు చూసి మురిసిపోతాం, బండి అసలు ఒళ్ళు ఎక్కడా కనిపించదు. అందుకే నేల షీటు ఒక మూలైనా లేపమనండి, ఒక ప్లైవుడ్ పలకైనా విప్పమనండి. "పాడైపోతుంది సార్" అంటే అక్కడితో దండం పెట్టి వచ్చేయండి. ముందు సీట్ల కింద బోల్టులు తుప్పుపట్టాయా, హెడ్‌లైటు అద్దం లోపలివైపు మట్టి పొర ఉందా, స్టెప్నీ చుట్టుపక్కల సందుల్లో ఒండ్రు ఉందా అని టార్చి వేసి చూడండి. ఏసీ పావుగంట వేసి ఉంచి, అద్దాలు మూసి వాసన పట్టండి.

కాగితాల్లోనూ నాకు ఒక సూచన దొరికింది, నేనే పట్టించుకోలేదు. పాత ఇన్సూరెన్స్ పాలసీలో ఎన్‌సీబీ సున్నా అని ఉంది. క్లెయిమ్ లేకుండా గడిచిన ఏళ్ళకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు అది, క్లెయిమ్ చేస్తే పోతుంది. ఇంత పాత బండికి సున్నా ఎందుకుందని అడిగి ఉంటే కథ అక్కడే తేలిపోయేది. తిరిగొచ్చాక ఆర్సీలో ఉన్న మొదటి ఓనరుని వెతికి పట్టుకున్నాను. పాపం, ఏమీ దాచకుండా చెప్పాడు. తీర్థయాత్రలకి అద్దెకి తిప్పేవాడట. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో బండి నాలుగు రోజులు నీళ్ళలో ఉందట. ఇన్సూరెన్స్ వాళ్ళు టోటల్ లాస్, అంటే బాగుచేయించడం దండగన్నంత నష్టం కింద డబ్బిచ్చేసి బండి తీసుకుపోయారట. అక్కణ్ణుంచి యార్డుకి ఎలా వచ్చిందో ఊహించుకోవచ్చు.

ఇంకో సంగతి. ఆర్సీలో నా బండి ఇప్పటికీ పన్నెండు మంది ప్రయాణికుల మ్యాక్సీ క్యాబే. పసుపు ప్లేటుని నెలలో ప్రైవేటుకి మార్పించి ఇస్తామన్నారు, నమ్మాను. సీట్లు పీకి మంచాలు వేసిన సంగతి ఆర్సీలో ఎక్కడా లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం అలాంటి మార్పులకి ఆర్టీవో ఆఫీసు అనుమతి ఉండాలి. లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు క్లెయిమ్ దగ్గర గొడవే. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ (ఎఫ్‌సీ) ఉంది కదా అని ధీమా పడకండి, ఆ టెస్టులో ఎవరూ వినైల్ షీటు లేపి చూడరు.

యార్డు వాళ్ళని నిలదీస్తే నేను సంతకం పెట్టిన కాగితం తీసి చూపించారు. "ఉన్న బండిని ఉన్నట్టుగా చూసుకుని కొన్నాను" అని ఉంది. ఓనరు పేరు మార్పుకి ఇచ్చే ఫామ్ 29, 30తో పాటు అదీ పెట్టారు, చదవకుండా పెట్టేశాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడానికి మెకానిక్ దగ్గర రాతపూర్వకంగా రిపోర్టు, మొదటి ఓనరు మాట, ఫోటోలు సిద్ధం చేసుకుంటున్నాను. ఐదు లక్షల లోపు కొనుగోలు కాబట్టి ఫీజు లేదు.

బండి మా బావమరిది కొబ్బరితోటలో పడి ఉంది. ఒక బ్రోకరు రెండు లక్షలకి అడిగాడు, ఇవ్వనన్నాను. నిన్న అదే యార్డు వాళ్ళు ఇంకో క్యాంపర్ వ్యాన్ ఫోటోలు పెట్టారు. నేల మీద అదే చెక్క డిజైన్ షీటు.