యాంట్‌వెబ్: ఫొటోలకు ఫుల్ మార్కులు, మ్యాప్ మాత్రం జాగ్రత్తగా చూడాలి

ఆఫ్రికా చీమల ఉపజాతుల మీద ఆసక్తి ఉంటే ముందు యాంట్‌వెబ్ అనే చీమల ఫొటోల వెబ్‌సైట్ తెరవండి, మిగతావన్నీ తర్వాత. కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్ వాళ్లు 2002 నుంచి నడుపుతున్నారు, చూడ్డానికి పూర్తిగా ఉచితం.

డోరిలస్ నైగ్రికన్స్ మొలెస్టస్‌నే తీసుకోండి, తూర్పు ఆఫ్రికాలో సియాఫు అని పిలిచే దండు చీమల్లో ఇదొకటి. ఇలాంటి చీమకి ముఖం, పక్క భాగం, వీపు విడివిడిగా ఫొటోలు తీసి, చీమతో పాటు పిన్నుకి గుచ్చిన లేబుల్‌ని (అది ఎక్కడ దొరికిందో రాసిన చీటీ) కూడా ఫొటో తీసి పెడతారు. జూమ్ చేస్తే కూలి చీమకి కళ్లు ఉండాల్సిన చోట నున్నటి తల తప్ప ఏమీ కనపడదు, ముందు మాత్రం కొడవళ్లలాంటి దవడలు! ఈ ఫొటోలకి వంక పెట్టలేం.

పేర్ల దగ్గరే తల తిరుగుతుంది, కానీ ఆ తప్పు సైటుది కాదు. జర్మన్ కీటక శాస్త్రవేత్త గెర్‌స్టెకర్ 1859లో ఈ చీమని అనొమ్మా అనే వేరే ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపు) పెట్టాడు, తర్వాత డోరిలస్‌లోకి మార్చారు, ఇప్పుడేమో కొందరు ఉపజాతి అనడం మానేసి డోరిలస్ మొలెస్టస్ అని విడి జాతిగానే రాస్తున్నారు, కాబట్టి రెండు పేర్లతోనూ వెతకండి. అసలు ఈ ప్రజాతిలో రెక్కల మగ చీమలు దీపాల దగ్గర దొరుకుతాయి, కూలి చీమలు నేల మీద దొరుకుతాయి, ఏది దేనిదో తెలియక ఎవరికి దొరికినదానికి వాళ్లు పేరు పెట్టేశారు. 1764లో, జీవులకు శాస్త్రీయ నామాల పద్ధతి పెట్టిన లినేయస్ అంతటివాడే ఇప్పుడు డోరిలస్ హెల్వోలస్ అంటున్న మగ చీమని కందిరీగల్లో కలిపేశాడు!

ఇక చీమలు ఎక్కడెక్కడ దొరికాయో చూపే మ్యాప్. అందులో చుక్క ఉందంటే అక్కడ ఎవరో చీమని పట్టి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా నమోదు చేశారని అర్థం, అంతే. పాత లేబుల్ మీద ఉత్త ‘కాంగో’ అని ఉంటే అది చుక్కగా మారదు, అందుకని ఖాళీగా కనపడిన చోటల్లా ఆ ఉపజాతి లేదనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఒక్కోసారి చుక్కలు చీమలు తిరిగే దారి కంటే వాటిని పట్టేవాళ్లు తిరిగిన దారినే ఎక్కువ చూపిస్తాయి.

ఫోన్‌లో వద్దు, కంప్యూటర్‌లో రెండు ట్యాబులు తెరిచి పోల్చుకోండి, అదీ పెద్ద తల ఉన్న కూలి చీమలనే; చిన్నవాటితో ఉపజాతి తేల్చాలని కూర్చుంటే రోజంతా పోతుంది.