అరకు ఘాటా, మారేడుమిల్లి అడవా?

రెండు రోజుల బైక్ ట్రిప్ అనగానే మా వాళ్లలో ఈ రెండు దారుల మీదే వాదన.

విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలు. అనంతగిరి దగ్గర సిల్వర్ ఓక్ నీడలో కాఫీ తోటలు, చెట్లకు పాకిన మిరియాల తీగలు. అంతా బాగుంటుంది కానీ డిసెంబరు ఆదివారం మాత్రం వద్దు. కార్ల వెనక ఫస్ట్ గేర్‌లో పాకుతూ, క్లచ్ నొక్కీ నొక్కీ నా ఎడమ చెయ్యి లాగేసింది.

రాజమండ్రి నుంచి మారేడుమిల్లి అంతకంటే దగ్గరే. అసలు అందం అక్కడి నుంచి చింతూరు వైపు దిగే ఘాట్‌లో ఉంది. వెదురు పొదలు రోడ్డు మీదకి వంగి మిట్టమధ్యాహ్నమే మసకగా ఉంటుంది. ఇంజిన్ ఆపితే పిట్టల అరుపులు, ఎండుటాకుల గలగల. మలుపులు ఇరుకు, హారన్ కొట్టకుండా తిప్పొద్దు. పెట్రోలు రంపచోడవరంలోనే నింపుకోండి. ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి. బొంగులో చికెన్ కాలేసరికి టైం పడుతుంది, ఆకలి వేయకముందే చెప్పేయాలి.

ఇంట్లోవాళ్లని వెనక ఎక్కించుకుంటే అరకు నయం, గదులూ హోటళ్లూ ఎక్కువ. స్నేహితులతో అయితే నా ఓటు మారేడుమిల్లికే. అదీ వానలు తగ్గాక, వారం మధ్యలో, చీకటి పడేలోగా ఘాట్ దిగేలా.