అవుట్‌బ్యాక్ స్టేక్‌హౌస్: ట్యాంపాలో తొమ్మిదేళ్ళు తిన్నాక, మెల్‌బోర్న్‌లో కాపురం పెట్టాక

ముందే చెప్పేస్తున్నా, నేను బీఫ్ తినను. తొమ్మిదేళ్ళు స్టేక్‌హౌస్‌కి వెళ్ళి ఒక్కసారి కూడా స్టేక్, అంటే కాల్చిన బీఫ్ ముక్క, ముట్టని వాడి సమీక్ష ఇది, ఆ లెక్కన చదువుకోండి. 2009లో అమెరికాలో, ట్యాంపాలో ఉద్యోగంలో చేరాను. టీమ్ లంచ్ అంటే ఆస్ట్రేలియా వేషం కట్టిన అమెరికా హోటల్ అవుట్‌బ్యాక్, ఎవరిదైనా పుట్టినరోజంటే అవుట్‌బ్యాక్, ఇండియా నుంచి ఎవరి అమ్మానాన్నలు వచ్చినా "ఏదైనా కొత్త తిండి తినిపిద్దాం" అని మళ్ళీ అక్కడికే. నేను చికెనో రొయ్యలో తిని, అక్కడి ఉల్లిపాయ వంటకం సగం లాగించి లేచేవాణ్ణి. ఆస్ట్రేలియా అంటే అప్పటికి నాకు తెలిసింది పాంటింగ్, షేన్ వార్న్, ఇంకా ఆ గోడలకి తగిలించిన బూమరాంగులు. 2018లో మెల్‌బోర్న్ వచ్చి పడ్డాను.

ఉల్లిపాయ దగ్గరే మొదలుపెడతా, ఎందుకంటే అందరూ వెళ్ళేది దానికోసమే. బ్లూమిన్ ఆనియన్. అరచేతిలో పట్టనంత ఉల్లిపాయని అడుగు తెగకుండా గాట్లు పెట్టి, పిండి పట్టించి నూనెలో వేస్తే తామరపువ్వులా విచ్చుకుంటుంది. మధ్యలో చిన్న గిన్నెలో ముక్కుకి ఘాటు తగిలే సాస్. పైన రేకులు కరకరలాడతాయి, లోపలికి వెళ్ళేకొద్దీ మెత్తబడి నూనె కారుతుంటుంది. మా అమ్మ వచ్చినప్పుడు ఓ రేకు తుంచి నోట్లో వేసుకుని, "పకోడీయే కదరా, కోయడానికి బద్ధకమేసినట్టుంది" అంది. ఇంతకంటే మంచి సమీక్ష నేను రాయలేను. (శాకాహారులు మాత్రం ఏ నూనెలో వేయిస్తారో, పిండిలో గుడ్డు కలుపుతారో లేదో అడిగి తినండి.)

మెల్‌బోర్న్‌లో చేరిన మొదటి వారంలోనే ఆఫీసులో అడిగాను, ఇక్కడ మంచి బ్లూమిన్ ఆనియన్ ఎక్కడ దొరుకుతుందని. పక్క సీటావిడ నన్ను వింతగా చూసింది. తర్వాత తెలిసిందేమిటంటే, ఇక్కడి పాతకాలపు ఇంగ్లీషులో బ్లూమిన్ అనేది మర్యాదస్తుల తిట్టు, మన "దిక్కుమాలిన" లాంటిది. అంటే కొత్తగా చేరినవాడు వచ్చి "ఈ ఊళ్ళో దిక్కుమాలిన ఉల్లిపాయ ఎక్కడ దొరుకుతుందండీ" అని అడిగాడన్నమాట. అలాంటి వంటకం ఉందనే ఆమెకి తెలియదు.

తెలియకపోవడంలో వింతేమీ లేదు. అవుట్‌బ్యాక్ పుట్టింది 1988లో, నేనున్న ట్యాంపాలోనే. క్రిస్ సలివన్, బాబ్ బాషమ్, టిమ్ గానన్, ట్రూడీ కూపర్ కలిసి పెట్టారు, అప్పటికి వాళ్ళు ఆస్ట్రేలియాలో అడుగే పెట్టలేదు. 1986లో 'క్రొకడైల్ డండీ' అనే ఆస్ట్రేలియా సినిమా అమెరికాలో విపరీతంగా ఆడింది, జనానికి ఆస్ట్రేలియా పిచ్చి పట్టింది, ఆ గాలికి వీళ్ళు తెరచాప ఎత్తారు. గానన్ అంతకుముందు న్యూ ఆర్లీన్స్‌లో పనిచేసినవాడు, అందుకే ఆ ఉల్లిపాయకి పట్టించిన మసాలా లూసియానా బాణీలో ఉంటుంది. ఆస్ట్రేలియాకీ దానికీ చుట్టరికం లేదు.

ఇక పేర్లు. ఆలిస్ స్ప్రింగ్స్ చికెన్ నేను కనీసం వంద సార్లు తినుంటాను. కాల్చిన చికెన్ మీద పుట్టగొడుగులు, బేకన్, కరిగిన చీజు, పక్కన తేనె కలిపిన ఆవసాస్. ఆ చీజుల్లో ఒకటి మాంటెరీ జాక్, అది కాలిఫోర్నియాది. అసలు ఆలిస్ స్ప్రింగ్స్ దేశం నడిమధ్య ఎడారిలో ఉన్న ఊరు, అటు అడిలైడ్‌కీ ఇటు డార్విన్‌కీ దాదాపు 1,500 కిలోమీటర్లు. టెలిగ్రాఫ్ లైను వేయించిన చార్లెస్ టాడ్ గారి భార్య ఆలిస్ పేరది. పాపం ఆవిడకి ఈ చికెన్ సంగతి తెలిసే అవకాశమే లేదు. బుష్‌మన్ బ్రెడ్డూ అంతే. నల్లగా, తియ్యగా, వేడిగా, చెక్క మీద కత్తి గుచ్చి తెచ్చిపెడతారు, వెన్నతో తింటే ఆపలేం. ఇక్కడ అడవి దారుల్లో పశువులు తోలేవాళ్ళు తిన్నది డ్యాంపర్, పిండీ నీళ్ళూ కలిపి నిప్పుల్లో కాల్చిన రొట్టె. అది ఒకసారి తిన్నాను, ట్యాంపా బ్రెడ్డే నయం.

తిండి పేర్ల సంగతి సరే, నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచింది నడత. ట్యాంపాలో సర్వర్ వచ్చి బల్ల పక్కనే గొంతుక్కూర్చుని, తన పేరు చెప్పి, పది నిమిషాలకోసారి "అంతా బావుందా?" అని అడిగి, చివర్లో మనం టిప్పు ఎంతేస్తామోనని చూసేది. అదే ఆస్ట్రేలియా మర్యాద కాబోలనుకునేవాణ్ణి. మెల్‌బోర్న్ పబ్బులో మొదటిసారి ఇరవై నిమిషాలు బల్ల దగ్గర కూర్చున్నాం, ఎవరూ రాలేదు. ఆకలితో మా ఆవిడ ముఖం మారిపోతోంది. పక్కబల్ల పెద్దాయన జాలిపడి చెప్పాడు: లేచి వెళ్ళి బార్ దగ్గర ఆర్డరిచ్చి, డబ్బులు కట్టి, నంబరు తెచ్చి బల్ల మీద పెట్టుకోవాలట. టిప్పు ఎవరూ ఆశించరు. ఆ పబ్బులో అందరూ తినేది చికెన్ పార్మా, అంటే బ్రెడ్డు పొడి అద్ది వేయించిన చికెన్ ముక్క (ష్నిట్జెల్) మీద టొమాటో సాసు, హ్యామ్, చీజు. అది ఇటలీ వాళ్ళ తిండికి ఇక్కడి రూపం. అంటే అసలు సరుకు అనుకున్నదీ అరువు సరుకే.

మనవాళ్ళేమైనా తక్కువా? బెంగళూరులో ఆంధ్రా మీల్స్ హోటళ్ళకి వెళ్ళిన వాళ్ళందరికీ ఆంధ్రా చిల్లీ చికెన్ తెలుసు, పచ్చిమిర్చి దట్టించి చేసేది. మాది ఒంగోలు. మా వాడకట్టులో ఏ ఇంట్లోనూ అది వండగా నేను చూడలేదు. అయినా బెంగళూరు వెళ్తే అదే ఆర్డరిస్తాను, మారు కూడా అడుగుతాను.

ఫాస్టర్స్ బీరు గురించి ఒక ముక్క. అమెరికాలో దాన్ని "ఆస్ట్రేలియా భాషలో బీరంటే ఇదే" అన్నట్టు అమ్మారు. ఇక్కడి పబ్బుల్లో నాకు కనిపించేవి కార్ల్‌టన్ డ్రాఫ్ట్, వీబీ (విక్టోరియా బిట్టర్) బీర్లు. ఫాస్టర్స్‌ని 1888లో మెల్‌బోర్న్‌లో మొదలుపెట్టింది న్యూయార్క్ నుంచి వచ్చిన ఇద్దరు అన్నదమ్ములట, ఇది తెలిసిన రోజు నవ్వాగలేదు.

ఆస్ట్రేలియా ఉల్లిపాయ చూడాలంటే శనివారం బన్నింగ్స్ హార్డ్‌వేర్ దుకాణం బయటికి రండి. బడి కోసమో, క్రికెట్ క్లబ్ కోసమో చందాలకి టెంటు వేసి సాసేజీలు కాలుస్తుంటారు. తెల్ల బ్రెడ్డు ముక్క, వేయించిన ఉల్లిపాయ, మీద సాసేజి. ఉల్లిపాయ కింద పడితే జారిపడతారని, దాన్ని సాసేజికి కిందనే వేయాలని 2018లో ఆ కంపెనీ చెప్పింది, దాని మీద దేశమంతా వాదులాడుకుంది. మొదట్లో ఇంత చిన్న విషయానికి ఇంత గోలేమిటనుకున్నా, ఇప్పుడు నేనూ పైన వేయాలనే పార్టీ.

మార్కులంటారా: తిండికి 5కి 4, ఆస్ట్రేలియాకి 5కి 1, ఆ ఒకటీ గోడ మీది మ్యాపుకి.

అన్నట్టు సిడ్నీలోనూ అవుట్‌బ్యాక్ ఉంది. రెండేళ్ళ కిందట వెళ్ళినప్పుడు మావాడు పట్టుబట్టి తీసుకెళ్ళాడు. వాడు ట్యాంపాలోనే పుట్టాడు. ఉల్లిపాయ రాగానే నడిమి రేకులన్నీ వాడే లాక్కుని, "ఇది మా ఊరిది నాన్నా" అన్నాడు.