షికాగోలో జోర్డానో వారి జాజ్ డ్యాన్స్: ఏ షో, ఏ సీటు, ఎక్కడ బస

జాజ్ డ్యాన్స్ అంటే మనలో చాలామందికి టీవీ పోటీల్లో పిల్లలు వేసే గంతులూ గిరికీలే గుర్తొస్తాయి. అరవై ఏళ్లకు పైగా దాన్నే పట్టుకుని ఉన్న కంపెనీ ఒకటి షికాగోలో ఉంది, జోర్డానో డ్యాన్స్ షికాగో. గస్ జోర్డానో 1963లో పెట్టారు. ఆయన 2008లో పోయారు కానీ, 1993 నుంచే ఆర్టిస్టిక్ డైరెక్టర్ బాధ్యత కూతురు నాన్ జోర్డానో చూస్తున్నారు.

మేం ఉండేది ఇండియనాపొలిస్‌లో. ఐ-65 ఎక్కితే మూడు, మూడున్నర గంటల దారి. మా అమ్మాయి కూచిపూడితో పాటు జాజ్ క్లాసుకీ వెళ్తోంది, ఆ వంకతో మొదలైంది మా షికాగో తిరుగుడు. ఈసారి విజయవాడ నుంచి వచ్చిన అత్తయ్యని కూడా తీసుకెళ్లాం. అడిగిన ప్రతివాళ్లకీ ఫోన్లో చెప్పే బదులు ఒకచోట రాసేస్తే ఓ పనైపోతుందని కూర్చున్నాను.

ముందు షో సంగతి. ఈ కంపెనీ ఏడాదంతా ఊళ్లు తిరుగుతుంది. సొంత ఊళ్లో పెద్ద స్టేజీ మీద కనిపించేది ప్రధానంగా రెండు విడతల్లో: అక్టోబర్‌లో ఒకటి, మార్చి చివర్లోనో ఏప్రిల్‌లోనో ఇంకొకటి. సాధారణంగా శుక్ర, శనివారాల్లో, సాయంత్రం ఏడున్నరకి. ఒకే కథను మొదట్నుంచి చివరిదాకా ఆడరు. ఐదారు విడివిడి డ్యాన్సులుంటాయి, మధ్యలో ఇంటర్వెల్. కొన్ని కంపెనీ దాచుకున్న పాతవి, ఒకటో రెండో కొత్తవి. ఎప్పుడూ జాజ్ డ్యాన్స్ చూడనివాళ్లకి ఇదే మేలు అంటాను నేను. ఒకటి నచ్చకపోతే పావుగంటలో అది అయిపోతుంది, ఇంకోటి మొదలవుతుంది. బ్రాడ్‌వే మ్యూజికల్ నచ్చకపోతే రెండున్నర గంటలు అలా కూర్చోవాల్సిందే.

టికెట్ కొనేముందు ఆ విడతలో ఏమేం వేస్తున్నారో వాళ్ల వెబ్‌సైట్‌లో చూసుకోండి. జాబితాలో 'సింగ్, సింగ్, సింగ్' ఉంటే మాత్రం ఆలోచించకండి. గస్ జోర్డానో 1983లో కంపోజ్ చేసిన డ్యాన్స్ అది, సంగీతం పాతకాలపు జాజ్ బ్యాండ్ నాయకుడు బెన్నీ గుడ్‌మన్ బ్యాండ్‌ది. గుడ్‌మన్, ఆ పాటలో డ్రమ్స్ వాయించిన జీన్ క్రూపా, ఇద్దరూ షికాగోలో పుట్టినవాళ్లే. ఆ డ్రమ్స్ మొదలవగానే నా పక్క సీటు పెద్దాయన చేతికర్ర నేలకి ఆనించి తాళం వేయడం మొదలుపెట్టాడు, పాట అయ్యేదాకా ఆపలేదు.

రే లీపర్ చేసిన 'సోల్' పాత సోల్ హిట్ల (నల్లజాతి అమెరికన్ల పాప్ పాటలు) మీద అల్లినది. హాలంతా చప్పట్లు కొట్టిస్తుంది. నాకు మరీ కొంచెం ఎక్కువ తీపి అనిపించింది, మా ఆయనకి అదే అన్నిటికన్నా నచ్చింది. న్యూయార్క్‌లో పేరున్న ఆల్విన్ ఎయిలీ డ్యాన్స్ కంపెనీలో డ్యాన్సర్‌గా చేసిన క్రిస్టఫర్ హగ్గిన్స్‌ది 'పైరోకైనీసిస్'. దాని వేగం చూసి తీరాలి. చివరికొచ్చేసరికి వాళ్ల సంగతేమో గానీ చూస్తున్న మనకి ఆయాసం వస్తుంది. కొత్తగా చేయించిన వాటిలో కొన్నింటికి 'జాజ్' అన్న పేరు ఎందుకో అర్థం కాదు, కాంటెంపరరీకీ దానికీ మధ్య గీత చెరిగిపోయింది. నడుమూ మెడా పలికే తీరు మాత్రం ఈ కంపెనీదే.

ఆ తీరు గురించి రెండు మాటలు. జోర్డానో పద్ధతిలో బరువు కిందికి దిగి ఉంటుంది, మోకాళ్లు వంగి ఉంటాయి, బలం పొట్ట దగ్గర్నుంచి పైకి వస్తుంది, ఛాతీ, మెడ నిటారుగా ఉంటాయి. అరమండి అలవాటున్న పిల్లలకి ఇది త్వరగా పట్టుబడుతుందని మా అమ్మాయి జాజ్ టీచర్ అంటుంది. ఇంటర్వెల్‌లో అత్తయ్య, "అమ్మాయ్, ఆ చివరి కుర్రాణ్ని చూశావా? భుజాలు ఒకళ్లవీ నడుం ఇంకొకళ్లదీ అన్నట్టు కదిలిస్తున్నాడు" అన్నారు. "దాన్నే ఐసోలేషన్ అంటారు నానమ్మా" అని మా అమ్మాయి అక్కడే నిలబడి మెడ పక్కకి జరిపి చూపించింది.

సీటు విషయంలో మా ఇంట్లో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. డ్యాన్స్ నేర్చుకుంటున్నవాళ్లు కింద, ముందు వరసల్లో కూర్చోవాలి. పాదం ఎక్కడ పడుతోందో, ఊపిరి ఎప్పుడు తీస్తున్నారో అక్కడే తెలుస్తుంది. మిగతావాళ్లకి బాల్కనీలో మొదటి వరసలు చాలు. అందరూ కలిసి వరసలు కట్టి విడిపోయే డ్యాన్సులు పైనుంచే అందంగా కనిపిస్తాయి, డబ్బూ మిగులుతుంది.

హాలు పేరు హారిస్ థియేటర్, ర్యాండాల్ఫ్ వీధిలో, మిలీనియం పార్క్‌కి ఉత్తరపు అంచున. 2003లో తెరిచారు, దాదాపు 1,500 సీట్లు. ఎక్కువ భాగం నేల కిందే ఉంటుంది. ఎందుకంటే, ఈ సరస్సు ఒడ్డు పార్కులో ఎత్తైన భవనాలు కట్టకూడదని వందేళ్ల కిందటే మాంట్‌గమరీ వార్డ్ అనే వ్యాపారి కోర్టుల్లో ఏళ్ల తరబడి పోరాడి గెలిచాడు. అందుకని వీధిలోంచి లోపలికి వెళ్లి కిందికి దిగాలి. మెట్లు చూసి అత్తయ్య కంగారు పడ్డారు గానీ లిఫ్ట్ ఉంది, ఇబ్బందేం కాలేదు. లాబీ నాకు నచ్చలేదు, బోసిగా ఏదో ఆఫీసు బేస్‌మెంట్‌లా ఉంటుంది. హాల్లోకి వెళ్లాక ఆ ఫిర్యాదు ఉండదు. ఆలస్యంగా వస్తే డ్యాన్స్ నడుస్తుండగా లోపలికి పంపరు, ఒకటి అయ్యాక పంపిస్తారు.

ఇక బస. ఇక్కడే జేబుకి చిల్లు పడేది. ఒకసారి డౌన్‌టౌన్‌లోనే, హాలుకి పది నిమిషాల నడకలో ఉన్న హోటల్ తీసుకున్నాం. గది రేటు చూసి బాగానే ఉందనుకున్నాం. దాని మీద 17 శాతం దాటిన పన్ను, 'డెస్టినేషన్ ఫీజు' అని ఇంకో వాయింపు, రాత్రికి కారు పెట్టినందుకు వేరే బిల్లు. గది కిటికీ వాబాష్ వీధి మీద స్తంభాల పైన నడిచే 'ఎల్' సిటీ రైలుకి ఎదురుగా ఉంది. ఆదివారం పొద్దున్న కూడా దానికి సెలవు లేదు. గది మార్చమంటే కౌంటర్‌లో నవ్వారు తప్ప మార్చలేదు. డౌన్‌టౌన్‌లో తీసుకునేవాళ్లు గది రైలు పట్టాల వైపు కాకుండా ఉండాలని బుకింగ్ అప్పుడే రాయించుకోండి. కారు హోటల్‌కి అప్పగించకుండా ఫోన్లో యాప్ ద్వారా దగ్గర్లో గరాజ్ ముందే బుక్ చేసుకుంటే చాలా తక్కువలో అయిపోతుంది.

దాని తర్వాత మాకు కుదిరిన పద్ధతి హైడ్ పార్క్. షికాగో యూనివర్సిటీ ఉన్న పేట, ఊరికి దక్షిణంగా ఉంటుంది. మాలాగా ఇండియానా వైపు నుంచి వచ్చేవాళ్లకి దారిలోనే తగులుతుంది. అక్కడ మెట్రా ఎలక్ట్రిక్ రైలు ఎక్కితే పావుగంటకి అటూ ఇటూగా మిలీనియం స్టేషన్. ఆ స్టేషన్ నుంచి హాలు ఐదు నిమిషాల నడక. డౌన్‌టౌన్ ట్రాఫిక్‌తో పని లేదు. ఒక్కటే చిక్కు: శని, ఆదివారాల్లో రైళ్లు తరచుగా ఉండవు. తిరుగు రైలు టైమ్ ముందే చూసుకోకపోతే చల్లటి ప్లాట్‌ఫామ్ మీద నిలబడాలి. పెద్దవాళ్లతో ఉన్నప్పుడు ఊబర్ మేలు, మేం అదే చేశాం.

ఊరికి పడమర శివార్లలోని నేపర్‌విల్, అరోరా వైపు బంధువులున్నవాళ్లు అక్కడే ఉండొచ్చు. కానీ రాత్రి పదింటికి షో అయ్యాక అంత దూరం వెళ్లాలి. నేనైతే ఒక రాత్రికి డబ్బు పెట్టేస్తాను.

తిండి. గూగుల్‌లో 'జోర్డానో షికాగో' అని కొడితే ముందుగా వచ్చేది పిజ్జా హోటళ్లు. అదో పెద్ద చెయిన్, డ్యాన్స్ కంపెనీకీ దానికీ ఏ సంబంధమూ లేదు. హారిస్‌కి దగ్గర్లోనే ఒక బ్రాంచి ఉంది. లోతు పళ్లెంలో కాల్చే ఆ పిజ్జా రావడానికి ముప్పావు గంట పడుతుంది, ఆరున్నరకి ఆర్డర్ ఇస్తే ఏడున్నర షో మీద ఆశ వదులుకోవాలి. ఐదింటికే తినేయండి. అత్తయ్యకి ఆ చీజ్ రెండు ముక్కలకే మొహం మొత్తింది. ఆవిడ కోసం మర్నాడు దేవాన్ ఎవెన్యూకి వెళ్లాం. మన సరుకులూ దోసెలూ దొరికే వీధి అది, డౌన్‌టౌన్ నుంచి ఉత్తరంగా చాలా దూరం. షో రోజు సాయంత్రం అటు పెట్టుకోకండి.

మార్చి, ఏప్రిల్ విడత కన్నా అక్టోబర్‌దే నాకు ఇష్టం. వసంతం అన్నది పేరుకే, సరస్సు గాలి చెవులు కోసేస్తుంది.

ఆదివారానికి రెండు దారులున్నాయి. అరోరాలో వెంకటేశ్వరస్వామి గుడి, డౌన్‌టౌన్‌కి పడమరగా నలభై మైళ్లు. మన దారికి బొత్తిగా అడ్డం, అయినా పెద్దవాళ్లుంటే అదే ఖాయమవుతుంది. లేదంటే డియర్‌బార్న్ స్టేషన్‌లోని జాజ్ షోకేస్, 1947 నుంచి నడుస్తున్న జాజ్ సంగీతం క్లబ్. ఆదివారం మధ్యాహ్నం ఆటకి పిల్లల్ని తీసుకెళ్లొచ్చు. గ్రీన్ మిల్ అనే ఇంకో జాజ్ క్లబ్ ఇంకా పేరున్నదే గానీ అక్కడ 21 నిండనివాళ్లని రానివ్వరు. నాలుగింటి ఆట చూసి బయల్దేరితే ఇండియనాపొలిస్ చేరేసరికి బాగా రాత్రవుతుంది, పైగా మన టైమ్ షికాగో కన్నా గంట ముందుంటుంది. సోమవారం బడి లేకపోతేనే జాజ్ షోకేస్.